తాతల ద్రాక్షతోట, మనవళ్ల వాటాలు

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో 1385లో జొవాన్ని ఆంటినోరి అనే ఆయన వైన్ వర్తకుల సంఘంలో సభ్యుడిగా చేరాడు. ఆ కుటుంబం ఇవాళ కూడా వైన్ వ్యాపారంలోనే ఉంది. ఇప్పుడు నడుపుతున్నది 26వ తరం. మన గుంటూరు లెక్కలో చెప్పాలంటే, కొండవీటి రెడ్డి రాజులు ఏలుతున్న రోజుల్లో తెరిచిన కొట్టు ఇప్పటికీ అదే ఇంటిపేరుతో నడుస్తున్నట్టు.

మిర్చి యార్డు చుట్టుపక్కల బోర్డులు చూస్తే మన సంగతి తెలుస్తుంది. తాత పేరు మీద మొదలైన కమిషన్ కొట్టు కొడుకుల కాలంలో ‘అండ్ సన్స్’ అవుతుంది. మనవళ్ల కాలానికి పక్కపక్కనే రెండు బోర్డులు కనిపిస్తాయి. ఒకదాని మీద పాత పేరు ఉంటుంది. రెండోదాని మీద అదే పేరుకు ముందు ‘న్యూ’ అనో ‘శ్రీ’ అనో చేరుతుంది. విజయవాడ వన్ టౌన్‌లో బట్టల కొట్లయినా, తెనాలిలో రైసు మిల్లులైనా ఇదే వరస. పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లు రాయడం, లెక్కలు ఆడిట్ చేయడం నా వృత్తి. కాబట్టి ఈ విడిపోవడాలు దగ్గర నుంచి చూస్తుంటాను. ప్రతిసారీ ఊళ్లో వినపడే మాట ఒక్కటే: ‘ఆ తండ్రి ఉన్నంతకాలం బాగానే ఉన్నారండీ, పిల్లల్లో ఐకమత్యం లేదు.’

ఈ మాటతో నాకు పేచీ ఉంది. ఐకమత్యం లేకపోవడం చాలాసార్లు ఫలితమే తప్ప కారణం కాదు. తరతరాల వైన్ కుటుంబాల చరిత్ర చదివితే వాళ్ల ఇళ్లలోనూ అన్నదమ్ములు కొట్టుకున్నారు, కోర్టుకెక్కారు, కోపంతో వాటాలు బయటివాళ్లకు అమ్మారు. నిలబడిన కుటుంబాలు ఒక పని చేశాయి. ఆస్తి ఎవరిది, పెత్తనం ఎవరిది, పని ఎవరిది అనే మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు రాసుకున్నాయి. మన ఇళ్లలో ఈ మూడూ నాన్నగారనే ఒక్క మనిషిలో కలిసి ఉంటాయి. ఆయన పోయిన రోజున మూడూ ఒకేసారి విప్పుకోవాల్సి వస్తుంది.

వైన్ తోటనే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. వానాకాలంలో మిర్చి నారు పోస్తే సంక్రాంతి దాటేసరికి కోతలు మొదలవుతాయి, వేసవిలో సరుకు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో చేరుతుంది. మంచో చెడో ఏడాదికోసారి లెక్క తేలుతుంది. ద్రాక్షకు అలా కాదు. తీగ నాటాక మూడో ఏడాదికి గాని వైన్‌కు పనికొచ్చే కాపు రాదు. మంచి తోటల్లో అదే తీగ యాభై ఏళ్లు దాటినా కాస్తుంది, ముసలి తీగల పండుకు రుచి ఎక్కువని పేరు కూడా. వైన్ తయారయ్యాక మళ్లీ పీపాల్లో, సీసాల్లో ఏళ్ల తరబడి ఉండాలి. తండ్రి నాటిన తోట మీద అసలు ఆదాయం కొడుకు చూస్తాడు, కొడుకు నిలవ పెట్టిన సరుకు ఒక్కోసారి మనవడు అమ్ముతాడు. తరాల మధ్య తెగని లెక్క ఉన్న వ్యాపారం కాబట్టి, వారసత్వంలో ఉండే చిక్కులన్నీ అక్కడ పెద్దవిగా కనిపిస్తాయి.

చలికాలంలో తీగ కత్తిరించే పని చూడండి. ఫ్రాన్స్‌లో చాలా తోటల్లో ఒక్కో మొక్కకు ఒక పొడుగు కొమ్మ, ఒక పొట్టి కొమ్మ వదిలి మిగిలినవన్నీ కోసేస్తారు. పొడుగు కొమ్మ మీద ఈ ఏడాది కాపు వస్తుంది. రెండు మొగ్గలున్న పొట్టి కొమ్మ నుంచి వచ్చే ఏడాది పొడుగు కొమ్మ పుడుతుంది. కత్తెర పట్టినవాడు ప్రతి మొక్క దగ్గర ఆగి, ఈ ఏడాదినీ పై ఏడాదినీ కలిపి ఆలోచించి కోయాలి. ఈ ఏడాది దిగుబడి ఆశకు ఎక్కువ మొగ్గలు వదిలితే తీగ నీరసిస్తుంది.

పీపాల గదిలోనూ అంతే. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో వాడే ఓక్ పీపాలో 228 లీటర్లు పడుతుంది. చెక్క గుండా వైన్ కొద్దికొద్దిగా ఆవిరవుతుంటుంది. పైన ఖాళీ ఏర్పడితే గాలి చేరుతుంది, గాలి చేరితే వైన్ పులిసి వెనిగర్ అయ్యే దారి పడుతుంది. అందుకని వారానికో రెండు వారాలకో ఒకసారి ఒక్కో పీపా మూత తీసి, అదే రకం వైన్‌తో అంచుదాకా నింపి మళ్లీ బిగిస్తారు. వందల పీపాలున్నా ఒక్కటి కూడా వదలడానికి లేదు. పండగైనా ఇంట్లో పెళ్లైనా ఆ పని ఎవరో ఒకరు చేయాల్సిందే.

ఇలాంటి పనిలో ఇరవై ఏళ్లు గడిపిన కొడుకు ఒకడు, ఎప్పుడూ తోటలో అడుగుపెట్టని కొడుకు ఒకడు, వేరే ఊరికి కాపురానికి వెళ్లిన కూతురు ఒకతి ఉన్నారనుకుందాం. తండ్రి పోయాడు. చట్టం ముగ్గురినీ సమానంగా చూస్తుంది. చట్టంగా అది న్యాయమే. కానీ తోటలో ఇరవై ఏళ్లు పనిచేసినవాడికి ఈ పంపకంలో తన పనికి విలువ కట్టిన చోటు కనపడదు. బయట ఉన్నవాళ్లకేమో తమ వాటా కాగితం మీద ఉంటుంది, దాని మీద వచ్చేది కనపడదు. ఇద్దరి బాధా నిజమే. ఇదే మనుషులను గుంటూరులో కూర్చోబెట్టండి. పెద్దవాడు పదో తరగతి నుంచి కొట్టులో గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు, రెండోవాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు, చెల్లెలు నరసరావుపేటలో అత్తగారింట ఉంది. గొడవలో ఒక్క మాట కూడా మారదు.

ఫ్రాన్స్‌లో ఈ సమస్యను చట్టమే ఇంకా బిగించింది. పెద్దకొడుక్కే ఆస్తి అనే పాత పద్ధతికి ఫ్రెంచి విప్లవం తెరదించింది, 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్ పిల్లలందరికీ సమాన వాటా అన్నదాన్ని ఖాయం చేసింది. తండ్రి వీలునామా రాసినా పిల్లలకు దక్కాల్సిన భాగాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. ఒక్కరే సంతానమైతే ఆస్తిలో సగం, ఇద్దరైతే మూడింట రెండు వంతులు, ముగ్గురో అంతకన్నా ఎక్కువో ఉంటే నాలుగింట మూడు వంతులు పిల్లలకే చెందుతాయి. తన ఇష్టప్రకారం ఎవరికైనా రాసుకోగలిగేది మిగిలిన ముక్క మాత్రమే.

బర్గండీ తోటలు ఈ చట్టం కింద తరానికోసారి చీలుతూ వచ్చాయి. ఇప్పుడు అక్కడ ఒక్కో రైతుకు ఒక పేరున్న తోటలో కొన్ని వరసలు, ఇంకో తోటలో మరికొన్ని వరసలు ఉండటం మామూలు విషయం. క్లో ద వూజో అనే తోట సంగతి అందరూ చెప్పుకుంటారు. చుట్టూ రాతి గోడ కట్టిన సుమారు 50 హెక్టార్ల తోట, అంటే మన లెక్కలో 125 ఎకరాల దాకా. శతాబ్దాల పాటు సీటో మఠం సన్యాసుల చేతిలో ఉంది. ఫ్రెంచి విప్లవంలో మఠం ఆస్తులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఆ తర్వాత కూడా 1889 దాకా ఒకే ఆస్తిగా నిలిచి, ఆ ఏడాది అమ్మకంలో ముక్కలైంది. ఆపైన అమ్మకాలూ పంపకాలూ కలిసి, ఈరోజు ఆ గోడ లోపల సుమారు 80 మంది యజమానులున్నారు. గోడ ఒకటే, పేరూ ఒకటే, కానీ ఎవరి వరసలు వారివి, ఎవరి వైన్ వారిది. సీసా మీద తోట పేరు చూసి కొనేవాడు తయారు చేసిందెవరో కూడా చూసుకోవాలి.

ఫ్రాన్స్‌లోనే మరో వైన్ ప్రాంతమైన బోర్డో వైపు కథ వేరుగా నడిచింది. అక్కడ పెద్ద ఎస్టేట్లను చాలావరకు కంపెనీల కిందకు తెచ్చారు. వారసులకు పంచేది భూమిని కాదు, కంపెనీ వాటాలను. పదిమంది వారసులున్నా తోట మధ్యలో గట్టు పడదు. చిన్న రైతుల కోసం ఫ్రాన్స్ 1970లో వ్యవసాయ భూముల ఉమ్మడి సంస్థ అనే ఏర్పాటు కూడా తెచ్చింది. భూమి ఆ సంస్థ పేరున ఉంటుంది, కుటుంబంలో అందరూ వాటాదారులు. సాగు చేసే ఒకరు సంస్థ దగ్గర దీర్ఘకాలం కౌలుకు తీసుకుని మిగిలినవాళ్లకు కౌలు కడతారు. ఆస్తి అందరిదీ, పని ఒకరిది, ఆ ఇద్దరి మధ్య కౌలు కాగితం. మన గుంటూరు జిల్లాలో అన్నదమ్ముల్లో ఒకడు ఊళ్లో ఉండి మిగిలినవాళ్ల పొలం కౌలుకు చేయడం చూస్తూనే ఉంటాం. తేడా ఏమిటంటే మన దగ్గర అది నోటిమాట. కౌలు ఎంత, ఎన్నేళ్లు, అమ్మదలిస్తే ముందు ఎవరికి చెప్పాలి అన్నవి ఎవరూ రాసుకోరు.

కంపెనీ పెట్టినంత మాత్రాన అయిపోలేదు. భూమి ధర పెరిగితే కొత్త చిక్కు వస్తుంది. బర్గండీలో పేరున్న తోటల ధర ఎంత పెరిగిందంటే, ఆ తోట మీద వచ్చే ఆదాయంతో తోబుట్టువు వాటా కొనడం దాదాపు అసాధ్యమైంది. దానికి తోడు ఫ్రాన్స్‌లో తల్లిదండ్రుల నుంచి వచ్చే ఆస్తి మీద పన్ను పై శ్లాబులో 45 శాతం దాకా ఉంది. నడుస్తున్న వ్యాపారాన్ని నిర్ణీత కాలం అమ్మకుండా కుటుంబమే నడుపుతామని ఒప్పుకుంటే, 2003 నుంచి ఉన్న ఒక చట్టం ప్రకారం దాని విలువలో నాలుగింట మూడు వంతులకు పన్ను మినహాయింపు దొరుకుతుంది. అయినా అమ్మకాలు ఆగలేదు. క్లో ద తార్ అనే 7.5 హెక్టార్ల తోట 1932 నుంచి మొమెస్సాన్ కుటుంబం చేతిలో ఉండి, 2017లో కోటీశ్వరుడు ఫ్రాన్స్వా పినో గ్రూపుకు అమ్ముడైంది. రాజధాని ప్రకటన తర్వాత తుళ్లూరు, మంగళగిరి వైపు ఏం జరిగిందో చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. పంట ధరకు సాగే పొలానికి ప్లాటు ధర వచ్చిందంటే, ఏళ్ల కిందట నోటిమాటతో తేలిపోయిన పంపకాలు కూడా మళ్లీ పైకి లేస్తాయి.

ఇక పెత్తనం సంగతి. దీనికి అమెరికాలోని మొండావి కుటుంబాన్ని మించిన ఉదాహరణ లేదు. ఇటలీ నుంచి వలసొచ్చిన చెజారె మొండావి, అమెరికాలో మద్యనిషేధం ఉన్న కాలంలో ఇళ్లలో వైన్ చేసుకునేవాళ్లకు కాలిఫోర్నియా ద్రాక్ష పంపే వ్యాపారంతో ఎదిగాడు. 1943లో నాపా లోయలోని చార్లెస్ క్రుగ్ వైనరీ కొన్నాడు. పెద్దకొడుకు రాబర్ట్ అమ్మకాలు చూసేవాడు, చిన్నకొడుకు పీటర్ తయారీ చూసేవాడు. పైకి చక్కటి పని పంపకం. కానీ ఇద్దరికీ అభిప్రాయం కలవకపోతే చివరి మాట ఎవరిదన్నది తేల్చలేదు. తండ్రి బతికుండగా ఆ అవసరం రాలేదు, ఆయనే చివరి మాట. ఆయన 1959లో పోయాడు. 1965లో ఒక కుటుంబ వేడుకలో, రాబర్ట్ తన భార్యకు కొన్న ఖరీదైన మింక్ బొచ్చు కోటు మీద మాటా మాటా పెరిగి అన్నదమ్ములు కొట్టుకున్నారు. వాళ్ల గొడవ నిజానికి కోటు గురించి కాదు, ఖర్చు పెట్టే అధికారం ఎవరిదన్న దాని గురించి. తల్లి చిన్నకొడుకు పక్షాన నిలిచింది. రాబర్ట్ బయటికొచ్చి 1966లో సొంత వైనరీ పెట్టుకున్నాడు. కోర్టు కేసు 1976లో ఆయనకు అనుకూలంగా తేలింది.

తర్వాత జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. అంత అనుభవించిన రాబర్ట్ కూడా తన ఇద్దరు కొడుకుల మధ్య పెత్తనం తేల్చలేకపోయాడు. మైకేల్, టిమ్ ఇద్దరికీ పొసగలేదు. 1993లో కంపెనీ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. 2004లో కంపెనీ మొత్తాన్ని కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్ వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనేసింది. ప్రపంచమంతా తెలిసిన ఇంటిపేరు సీసా మీద ఉంది, ఆ ఇంటివాళ్లకు దాని మీద హక్కు లేదు. పేరు తక్కువ వినపడే తమ్ముడు పీటర్ వారసులేమో ఇప్పటికీ చార్లెస్ క్రుగ్ నడుపుతున్నారు.

కొట్టు పేరు అమ్ముడుపోవడం మన వ్యాపారుల్లో చాలామంది ఊహించని ప్రమాదం. యార్డులో రైతు సరుకు దింపేది కొట్టు పేరు చూసి, ఆ గుమాస్తా మాట నమ్మి. ఆ పేరుకు ఒక విలువ ఉందని, అది కూడా పంపకంలోకి వచ్చే ఆస్తేనని చాలా డీడ్‌లలో రాయరు. గోడౌనుకూ తూకం మిషనుకూ ధర కడతారు, రైతుల దగ్గర నిలవ ఉన్న బాకీలు వాటాలేస్తారు, పేరు మాత్రం గాలికి వదిలేస్తారు. ‘న్యూ’, ‘శ్రీ’ బోర్డులు పుట్టేది అక్కడే.

ఆంటినోరి కుటుంబం దగ్గరికి మళ్లీ వద్దాం. వాళ్లకూ ఈ గండం వచ్చింది. 1980ల్లో పియెరో ఆంటినోరి తోబుట్టువులు వ్యాపారంలోంచి తప్పుకోవాలనుకున్నారు. వాళ్ల వాటా బ్రిటన్‌కు చెందిన విట్‌బ్రెడ్ కంపెనీకి వెళ్లింది. ఆరు వందల ఏళ్ల కుటుంబ వ్యాపారంలో బయటి కంపెనీ భాగస్వామి అయింది. పియెరో కొన్నేళ్లకు ఆ వాటా తిరిగి కొన్నాడు. ఆయనకు ముగ్గురూ కూతుళ్లే, అల్బియెరా, అల్లెగ్రా, అలెస్సియా. శతాబ్దాల పాటు తండ్రి నుంచి కొడుక్కే వచ్చిన పెత్తనం ఇప్పుడు పెద్దకూతురు అల్బియెరా చేతిలో ఉంది. మళ్లీ అమ్మకం ముప్పు రాకుండా కంపెనీని దీర్ఘకాలిక ట్రస్టు కిందకు తెచ్చారు. వాటాలు కుటుంబానివే, కానీ ఎవరో ఒకరికి డబ్బు అవసరమై అమ్మేయడానికి వీల్లేదు.

ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతంలోనే రికాసోలి కుటుంబం 1141 నుంచి బ్రోలియో కోటలో ఉంది. వాళ్లు 20వ శతాబ్దంలో వైన్ వ్యాపారాన్ని బయటి కంపెనీల చేతుల్లో పెట్టారు, నాణ్యత పడిపోయింది, పేరు దెబ్బతింది. 1993లో ఫ్రాంచెస్కో రికాసోలి దాన్ని తిరిగి కొని, తోటలు మళ్లీ నాటించడం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. నాకు ఈ రెండు కథల్లో ముఖ్యంగా తోచేది ఒకటుంది. వ్యాపారంలో ఉండాలనుకునేవాడికి, తప్పుకోవాలనుకునేవాళ్ల వాటా కొనే దారి ఉండాలి. ఆ దారి ముందే వేసి ఉంటే బయటివాడు లోపలికి రాడు.

మన చట్టం ఏమంటుందో చూద్దాం, ఎందుకంటే ఇక్కడ అపోహలు చాలా ఎక్కువ. ఫ్రెంచి తండ్రికి లేని స్వేచ్ఛ మన తండ్రికి ఉంది. హిందువు తన స్వార్జితాన్ని వీలునామా ద్వారా ఎవరికైనా, ఎంతైనా రాయవచ్చు. వీలునామా రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కూడా కాదు, ఇద్దరు సాక్షులుండాలి. అది రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులు, కూతుళ్లు, భార్య, ఆయన తల్లి జీవించి ఉంటే ఆమె కూడా, తలా ఒక సమాన వాటాకు వారసులు. ఈ తల్లి వాటా సంగతి చాలా ఇళ్లలో గుర్తుండదు. వారసత్వ పన్ను భయం మనకు లేదు, ఎస్టేట్ డ్యూటీని 1985లో రద్దు చేశారు.

పిత్రార్జితం, ఉమ్మడి ఆస్తి విషయంలో లెక్క వేరు. పుట్టుకతోనే హక్కు వస్తుంది. కూతుళ్లకు ఆ హక్కు ఇవ్వడంలో దేశంలో ముందడుగు మన రాష్ట్రానిదే. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అయితే అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. ఉండాల్సిన అవసరం లేదు. ‘పెళ్లికి పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదా’ అన్న మాట ఇంట్లో చెల్లుతుందేమో, కోర్టులో దానికదే చెల్లదు. అమ్మాయి నిజంగా వద్దనుకుంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ కావాలి.

పియెరో తోబుట్టువుల లాంటి సమస్యకు మన చట్టంలో ఒక మందు ఉంది, చాలామందికి తెలియదు. 1956 చట్టంలోని 22వ సెక్షన్. వీలునామా లేకుండా వచ్చిన స్థిరాస్తి గాని, తండ్రి నడిపిన వ్యాపారం గాని ఇద్దరికో ముగ్గురికో వారసత్వంగా వచ్చి, అందులో ఒకరు అమ్ముకోదలిస్తే, కొనే మొదటి హక్కు మిగిలిన వారసులదే. ధర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. వ్యవసాయ భూమికి కూడా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కానీ హక్కు ఉండటం వేరు, చేతిలో డబ్బు ఉండటం వేరు.

ఆంటినోరి ట్రస్టు చూసి మనమూ అలాగే శాశ్వతంగా కట్టేద్దామనుకుంటే కుదరదు. మన ప్రైవేటు ట్రస్టులకు కాలపరిమితి ఉంది. ఇప్పుడు బతికి ఉన్నవాళ్ల జీవితకాలం, ఆపైన పుట్టబోయే వారసుడు మేజర్ అయ్యేదాకా, అంతవరకే ఆస్తిని అలా కట్టిపెట్టగలం. మునిమనవడి చేతులు కట్టేసే అధికారం మన చట్టం ఎవరికీ ఇవ్వదు. నా మటుకు నాకు అది మంచిదే అనిపిస్తుంది.

మన దేశంలో వైన్ కుటుంబాల గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు, ఎందుకంటే పరిశ్రమే చిన్నవయసులో ఉంది. బెంగళూరు దగ్గర నంది కొండల్లో కన్వల్ గ్రోవర్ మొదలుపెట్టినది కొడుకు కపిల్‌కు, మనవరాలు కరిష్మాకు వచ్చి, 2012లో నాసిక్ వైపు కంపెనీతో కలిసింది. నారాయణ్‌గావ్‌లో శ్యామ్‌రావ్ చౌగులే పెట్టిన ఇండేజ్ రెండో తరంలో అప్పులు పెరిగి కూలిపోయింది. మన రాష్ట్రంలో 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు, ఆ తర్వాత ప్రభుత్వం మారినప్పుడల్లా మారే విధానాలు. యాభై ఏళ్ల తీగ నాటే ధైర్యం ఎవరికి వస్తుంది?

ఆడవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. షాంపేన్ చరిత్రలో పెద్ద పేరు వవ్ క్లికో, అంటే క్లికో గారి వితంతువు. ఆమె అసలు పేరు బార్బ్ నికోల్. భర్త 1805లో పోయేనాటికి ఆమెకు 27 ఏళ్లు. నెపోలియన్ చట్టం కింద పెళ్లయిన స్త్రీకి భర్త అనుమతి లేనిదే వ్యాపారం చేసే వీల్లేదు, వితంతువుకు మాత్రం ఆ అడ్డు లేదు. మామగారిని ఒప్పించి కంపెనీ చేతిలోకి తీసుకుంది. సీసాలో పేరుకునే మడ్డిని మూత వైపుకు దించి తీసేసే పద్ధతిని ఆమె సెల్లార్‌లోనే కనిపెట్టారు, షాంపేన్ తేటగా రావడానికి అదే దారి చూపింది. గుంటూరులో కొట్టు యజమాని హఠాత్తుగా పోతే జరిగేది ఏమిటి? భార్య పేరు రికార్డుల్లో పార్ట్‌నర్‌గా ఉంటుంది, బ్యాంకు కాగితాల మీద సంతకాలు కూడా చేసి ఉంటుంది. కానీ ఏ రైతు ఎంత బాకీనో, ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయో ఆమెకు ఎవరూ చెప్పరు. మరిది లెక్క చెప్పిందే లెక్క. పన్ను కోసం పేరు పెట్టి పని చూపించకపోవడం ఆమెకు చేసే అన్యాయం, వ్యాపారానికి కూడా నష్టం.

అందుకే పార్ట్‌నర్‌షిప్ డీడ్ దగ్గర నేను పట్టుబడతాను. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, డీడ్‌లో వేరే మాట రాసుకోకపోతే, ఒక పార్ట్‌నర్ మరణంతో ఫర్మ్ రద్దవుతుంది. మిగిలినవాళ్లతో కొనసాగుతుందని రాసుకోవాలి. ఇద్దరే పార్ట్‌నర్లుంటే అలా రాసినా లాభం లేదు, మిగిలిన ఒక్కడితో భాగస్వామ్యం ఉండదు. కాబట్టి మూడో మనిషిని ముందే చేర్చుకోవాలి. పోయినవారి వాటా లెక్క తేల్చకుండా వ్యాపారం నడిపిస్తే, వారసులు ఆ వాటా మీద వచ్చిన లాభమైనా అడగవచ్చు, లేదా ఏడాదికి 6 శాతం వడ్డీ అయినా అడగవచ్చు.

వాటాకు ధర కట్టే పద్ధతి ఇవాళే రాయాలి, అందరూ ఒక విస్తట్లో తింటున్నప్పుడే. ఏ లెక్కల ఆధారంగా, పేరుకు ఎంత, గోడౌను స్థలానికి రిజిస్ట్రేషన్ విలువా మార్కెట్ విలువా అన్నది స్పష్టంగా ఉండాలి. తప్పుకునేవాళ్లకు డబ్బు ఒకేసారి ఇవ్వాలంటే కొట్టు మూతపడుతుంది, కాబట్టి ఐదేళ్లో ఏడేళ్లో వాయిదాల్లో, వడ్డీతో ఇచ్చేలా రాసుకోవాలి. పనిచేసే పార్ట్‌నర్‌కు వాటాతో సంబంధం లేకుండా జీతం ఉండాలి. తోటలో ఇరవై ఏళ్లు పనిచేసిన కొడుక్కి దక్కనిది అదే. జీతం నెలనెలా తీసుకుంటుంటే, పంపకం రోజున ‘నేను ఇంత చేశాను’ అనే మాట అడగాల్సిన అవసరం రాదు, వినాల్సిన అవసరమూ రాదు. ఇద్దరి అభిప్రాయం కలవనప్పుడు చివరి మాట ఎవరిదో కూడా రాయాలి. ఈ ఒక్క వాక్యం మొండావి ఇంట్లో లేకపోయింది.

నోటిమాటతో జరిగిన కుటుంబ అంగీకారం చెల్లదని భయపడేవాళ్లకు ఒక మాట. అది చెల్లుతుందని, జరిగిపోయిన పంపకాన్ని గుర్తుకోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. కాకపోతే ఆ కాగితంతోనే కొత్తగా హక్కులు ఇస్తున్నట్టు రాస్తే రిజిస్టర్ చేయించాలి. పెద్దమనుషుల మధ్య రాసుకునే తెల్లకాగితాల్లో చాలావాటికి కోర్టులో దెబ్బ తగిలేది ఈ ఒక్క వాక్యం దగ్గరే.

మిగిలింది మైనర్ పిల్లల విషయం. పద్దెనిమిది నిండని పిల్లవాడు పార్ట్‌నర్ కాలేడు. అందరూ ఒప్పుకుంటే లాభాల్లో వాటా మాత్రం ఇవ్వవచ్చు, నష్టం వస్తే ఫర్మ్‌లో ఉన్న అతని వాటా మేరకే బాధ్యత. అతను మేజర్ అయ్యాక, లేదా తనకు ఆ వాటా ఉందని ఆ తర్వాత తెలిస్తే తెలిసిన రోజు నుంచి, ఆరు నెలల్లోగా పార్ట్‌నర్‌గా ఉంటాడో లేదో బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ఇవ్వకపోతే పార్ట్‌నర్ అయినట్టే లెక్క. అంతేకాదు, లాభాల్లోకి చేరిన నాటి నుంచి ఫర్మ్ చేసిన అప్పులకు సొంత ఆస్తితో సహా బాధ్యుడవుతాడు. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్న కుర్రాడికి ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఆ ఆరు నెలలు సెమిస్టర్ పరీక్షల్లో గడిచిపోతాయి. కొట్టులో కూర్చుంటాడో లేదో అతన్ని అడగాల్సింది అప్పుడే, లెక్కల పుస్తకం ఎదురుగా పెట్టి, అప్పులతో సహా చూపించి.